తాతగారి డబుల్ బ్యారెల్: గొట్టం కాదు, మడమ కోశాను

జులై 2, 2024

ఎన్నికల కోడ్ వచ్చిన వారంలో స్టేషన్‌లో డిపాజిట్ చేసిన తుపాకి మూడు నెలల తర్వాత ఇంటికొచ్చింది. రసీదు చూపించి, సంతకం పెట్టి, బైకు మీద కాకుండా మా బావమరిది కారులో తెచ్చుకున్నాను. కాన్వాస్ కవరు జిప్పు తీయగానే ముక్కుకి బూజు వాసన తగిలింది. రెండు గొట్టాలూ కలిసే గాడి పొడవునా ఎర్రటి పొడి. వేలితో రాస్తే పసుపు కొమ్ము అరగదీసినట్టు అంటుకుంది.

ఇందులో ఎవరినీ అనడానికి లేదు. కాన్వాస్ తడి పీలుస్తుంది, పీల్చిన తడిని ఇనుముకి అంటించి పెడుతుంది. గొట్టాలకు దిట్టంగా నూనె రాసి, పాత నూలు పంచె చుట్టి ఇమ్మని నాన్న ప్రతి ఎన్నికలకీ చెప్పేవారు. ఆయన పోయాక లైసెన్సు నా పేరుకి మారింది గాని ఆ జాగ్రత్త మారలేదు.

తుపాకి గురించి చెప్పాలి. లైసెన్సు పుస్తకంలో 'డీబీబీఎల్ 12 బోర్' అని ఉంటుంది. జంట గొట్టాలు పక్కపక్కన, రెండు ట్రిగ్గర్లు, వెనక నుంచి తూటా పెట్టే రకం. పన్నెండు బోరు అంటే చాలామంది పన్నెండు మిల్లీమీటర్లు అనుకుంటారు. అది కాదు. గొట్టంలో సరిగ్గా పట్టే గుండ్రటి సీసపు గుండ్లు పన్నెండు పోస్తే ఒక పౌండు తూగాలి, అదీ లెక్క. అలా చూస్తే లోపలి వెడల్పు దాదాపు పద్దెనిమిదిన్నర మిల్లీమీటర్లు వస్తుంది. గొట్టాల అడుగున బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ (తుపాకులు పరీక్షించి ముద్ర వేసే చోటు) ముద్రలున్నాయి. పక్కనే 2½ అంగుళాలు (తూటా కూర్చునే గది పొడవు), 3 టన్నులు (ఒత్తిడి లెక్క) అని కొట్టి ఉంది. అంటే 1954 తర్వాతి ముద్ర. తాతగారు ఆ దశాబ్దం చివర్లో కొన్నారని ఇంట్లో చెప్పుకునే మాటతో సరిపోతుంది.

తుప్పు సంగతి ఎలాగూ చూడాలి. అసలు బాధ వేరు. తాతగారు ఆరడుగులు, నాన్న కూడా ఇంచుమించు అంతే. నేను అయిదడుగుల నాలుగంగుళాలు. మడమ, అంటే తుపాకి వెనక భుజానికి ఆనించే కర్ర, భుజానికి పెడదామంటే చంక కింద చొక్కాకి తగులుకుంటుంది. పెట్టాక ముందు ట్రిగ్గర్ అందుకోవడానికి మెడ సాచాలి. మెంటాడ వైపు మా పొలంలో పందులు దిగిన రాత్రి ఒకసారి ఇలాగే తడబడ్డాను. ఆ పూట తుపాకి పేలకపోవడమే మంచిదైంది.

జులై 6

చిన్నాన్న వచ్చారు. తుపాకి ఎత్తి చూసి, గొట్టాల చివర వేలు పెట్టి, "ఏట్రా, ఈ ముందు మూడంగుళాలు కోయించీరాదా? తేలికైపోద్ది, నీకు సరిపోద్ది" అన్నారు. ఆయన ఒక్కరే కాదు, ఊళ్ళో ఎవరిని అడిగినా ఇదే సలహా. పొడుగ్గా కనిపించేది గొట్టం కాబట్టి కత్తిరించాల్సింది కూడా అదే అనిపిస్తుంది.

మొదటి సంగతి, అది నేరం. 1959 నాటి ఆయుధాల చట్టం సెక్షన్ 6 గొట్టం పొట్టి చేయడం గురించే ఉంది. తుపాకి సొంతదైనా, దానికి లైసెన్సున్నా, ఇంట్లోనో వెల్డింగ్ షాపులోనో గొట్టం కోస్తే జైలే. బట్టల్లో దాచుకోగల తుపాకి తయారవకూడదనే ఆ సెక్షన్ పెట్టారు. చిన్నాన్నకి ఇంతవరకు చెబితే "మనకెవడు చూడొచ్చాడు" అన్నారు. రెన్యువల్‌కి వెళ్ళినప్పుడు పుస్తకంలో రాసిన కొలతా, చేతిలోని తుపాకీ తేడా వస్తే ఎవడు చూస్తాడో ఆయనకీ తెలుసు.

రెండోది, చట్టం సంగతి పక్కన పెట్టినా అది తెలివితక్కువ పని. ఈ గొట్టాల లోపలి వెడల్పు చివరిదాకా ఒకేలా ఉండదు. మూతి దగ్గర రెండు మూడు అంగుళాల మేర కొద్దిగా బిగుసుకుంటుంది. దాన్నే చోక్ అంటారు. తూటాలోని చిన్న సీసపు గుళ్ళు వెంటనే చెదిరిపోకుండా కాస్త దూరం గుంపుగా వెళ్ళేది దాని వల్లే. మా తుపాకిలో కుడి గొట్టానికి చోక్ తక్కువ, ఎడమ దానికి ఎక్కువ. దగ్గర గురికి ముందు ట్రిగ్గర్, దూరానికి వెనక ట్రిగ్గర్. మూడంగుళాలు కోస్తే పోయేది సరిగ్గా ఆ పనితనమే. మిగిలేవి రెండు ఉత్త పైపులు.

ఇంకొకటి చాలామందికి తెలియదు. ఈ రెండు గొట్టాలు సమాంతరంగా ఉండవు. వెనక దూరంగా మొదలై ముందుకి పోయేకొద్దీ దగ్గరవుతాయి. రెండూ ఒకే చోట కొట్టాలని కార్ఖానాలో అలా కూర్చి, పైనా కిందా రిబ్ అనే సన్నటి పట్టీలు పెట్టి సీసం టంకంతో అతుకుతారు. ఆ కూర్పు చెడితే మళ్ళీ తెచ్చేవాడు దొరకడు.

నాకు పొడవనిపించేది గొట్టం కాదు, నా భుజానికీ ట్రిగ్గర్‌కీ మధ్య ఉన్న కర్ర. కొయ్యాల్సింది అదే. ఈ మాట చిన్నాన్నకి అర్థమయ్యేసరికి రెండు టీలు అయ్యాయి.

జులై 13

విశాఖలో లైసెన్సున్న ఆయుధాల షాపు. రెండో శనివారం కాబట్టి నాకు ఆఫీసు లేదు. తుపాకి ఖాళీగా, కవరులో, లైసెన్సు పుస్తకం జేబులో. వెనక గదిలో పనిచేసే మేస్త్రీగారికి డెబ్బై దాటాయి. నేను చెప్పేది వింటూనే తుపాకి విరిచి, అంటే కీలు దగ్గర మడత తెరిచి, గొట్టాలు వేరు చేశారు. వాటిని కిటికీ వెలుతురుకి పట్టుకుని లోపల కన్ను పెట్టి చాలాసేపు చూశారు. లోపల శుభ్రంగా ఉంది, తుప్పంతా పైపైనే. ఆ తర్వాత గొట్టాలను ఒక వేలికి వేలాడదీసి గోటితో కొట్టారు. గుడి గంట అంత కాకపోయినా స్పష్టమైన మోత వచ్చింది. "రిబ్ ఎక్కడా వదల్లేదు బాబూ. వదిలితే పగిలిన కుండలా మోగుద్ది" అన్నారు.

మడమ విప్పడం చూస్తే ముచ్చటేసింది. స్క్రూ తలల గాట్లు కాగితం మందాన ఉంటాయి. మామూలు స్క్రూడ్రైవర్ పెడితే గాటు చెదిరిపోతుంది. ఆయన డబ్బాలో ముప్పై దాకా స్క్రూడ్రైవర్లు, ఒక్కొక్కటీ ఒక్కో గాటుకి ఆకురాయితో అరగదీసినవి. రెండు మూడు పెట్టి చూసి, సరిపోయింది దొరికాక గాటులో నూనె చుక్క వేసి, అరగంట వదిలేసి టీ తాగొచ్చారు. తర్వాత మెడ బిగించి ఒక్క తిప్పు. కిర్రుమంది, వదిలింది. కర్రను లాగలేదు. అరచేత్తో కింది నుంచి తడుతూ, అటొక వెంట్రుక ఇటొక వెంట్రుక జరుపుతూ తీశారు. లాగితే తుపాకి లోపలి యంత్రం కూర్చునే చోట కర్ర చెంపలు విరిగిపోతాయట.

ఒప్పందం ఇది: ఇనుము పని ఆయనది, కర్ర పని నాది. గొట్టాలు, యంత్రం షాపు రిజిస్టర్‌లో ఎక్కించి రసీదు తీసుకున్నాను. మడమ ఒక్కటే పాత దుప్పట్లో చుట్టి తెచ్చుకున్నాను. ఆర్టీసీ బస్సులో పక్కాయన "వీణ ముక్కా బాబూ?" అని అడిగాడు.

వెళ్ళేముందు మేస్త్రీగారు ఒక హెచ్చరిక చేశారు. ఈ తుపాకి తూటా గదికి 2½ అంగుళాల తూటాలే వెయ్యాలి. ఇప్పుడొచ్చే 70 మిల్లీమీటర్ల తూటా చూడ్డానికి ఇందులో పట్టేస్తుంది. పేలి తూటా మూతి విచ్చుకున్నాక గది చాలదు, ఒత్తిడి పెరిగిపోతుంది. డబ్బా మీద 65 మిల్లీమీటర్లు, అంటే ఈ 2½ అంగుళాల రకం, అని ఉంటేనే తీసుకోమన్నారు. నాన్న బీరువాలో మిగిలిన డబ్బా చూశాను. 65వే.

జులై 21

కోయడానికి ముందు కొలత. ముందు ట్రిగ్గర్ నుంచి మడమ చివర మధ్య వరకు 14¾ అంగుళాలు. విప్పకముందే షాపులో కొలిపించుకున్నాను. నాకెంత కావాలి?

మోచేతి మడతలో మడమ పెట్టుకుంటే చూపుడువేలు ట్రిగ్గర్‌కి అందాలని ఒక పాత లెక్క ఉంది. అది నమ్మదగ్గది కాదు. మోచేతి పొడవుకీ, మెడా భుజమూ ఉన్న తీరుకీ సంబంధం లేదు. నేను చేసింది వేరే. మా అబ్బాయి ప్రాజెక్టుకి తెచ్చిన మందపాటి అట్టలు అతికించి, మడమ ఆకారంలో ఒక నమూనా చేశాను. దాన్ని కొంచెం కొంచెం కోస్తూ, కళ్ళు మూసుకుని భుజానికెత్తడం, కళ్ళు తెరవడం. బొటనవేలి కణుపుకీ ముక్కుకీ మధ్య రెండు వేళ్ళ సందు ఉండాలి. తక్కువైతే దెబ్బకి వేలు ముక్కుని తంతుంది. ముప్పై సార్లు ఎత్తాక 13¾ దగ్గర నిలిచింది. మా ఆవిడ వంటింట్లోంచి చూసి ఏమీ అనకుండా తలుపు దగ్గరగా వేసింది.

ఆగస్టు 4

కోత.

కొలత లెక్కలో కొంపముంచుకోబోయాను. 14¾ నుంచి 13¾కి రావాలి, అంటే ఒక అంగుళం తగ్గాలి. చివర వేసే రబ్బరు ప్యాడ్ ముప్పావు అంగుళం. కాబట్టి కర్ర 1¾ కోయాలి అని పెన్సిలు గీత కూడా గీశాను. రంపం చేతికి తీసుకున్నాక బల్ల మీద పడున్న పాత నల్లటి ఎబోనైట్ (గట్టి రబ్బరు) పలక కనిపించింది. మడమ చివర ఉండేది అదే, ముందురోజే విప్పాను. దాని మందం పావు అంగుళం. షాపులో కొలిచిన 14¾లో అది కూడా ఉంది! అంటే కర్ర ఉన్నది 14½. మిగలాల్సింది 13. కోయాల్సింది 1½ మాత్రమే. ఆ గీత మీద కోసుంటే పావు అంగుళం పొట్టిదయ్యేది. కర్ర కోయడం సులువే, అతకడమే రాదు. కూర్చుని మంచినీళ్ళు తాగి, పాత గీత చెరిపి కొత్తది గీశాను.

ఇంకో చిక్కు ఉంది. మడమకి ఏ పక్కా తిన్నగా ఉండదు. పైన వాలు, కింద వాలు, పక్కలకి ఉబ్బు. బల్ల మీద పెడితే కదులుతుంది. మడమ చివరకి గొట్టాలతో ఒక కోణం ఉంటుంది. తుపాకిని గోడకానించి నిలబెడితే వెనక భాగం గోడకి తగిలి, మూతులు గోడకి కొద్దిగా ఎడంగా ఉండాలి. ఆ కోణం మారితే పేలినప్పుడు మడమ భుజం మీద నిలవదు, జారుతుంది. అందుకే కొత్త కోత పాత కోతకి సరిగ్గా సమాంతరంగా ఉండాలి. చెక్క మేకులు, అట్టముక్కలు కింద దోపి మడమ కదలకుండా కట్టడానికే గంటన్నర పట్టింది. గీత చుట్టూ ప్లాస్టర్ టేపు బిగించి చుట్టాను, పీచు లేవకుండా.

సన్నపళ్ళ రంపం, నెమ్మదిగా. వాల్‌నట్ అంటే మన అక్రోటు చెట్టు కర్ర. అరవై ఏళ్ళ పాత కర్ర కోస్తుంటే ఇల్లంతా ఒక వాసన, పాత ట్రంకు పెట్టె తెరిచినట్టు. మూడొంతులు బ్రహ్మాండంగా తెగింది. చివరి అంగుళంలో, కింది మొన దగ్గర, తెగే ముక్కని పట్టుకోమని అబ్బాయికి చెప్పడం మర్చిపోయాను. దాని బరువుకి అది వంగి, టక్కుమని విరిగి, మొన దగ్గర చిటికెన వేలి గోరంత పెచ్చు ఊడింది.

తెగిన ముక్క వంటింటి కాటా మీద 108 గ్రాములు. పెచ్చు దొరికింది గాని రెండు ముక్కలైంది.

ఆగస్టు 11

బొబ్బిలి దగ్గర గొల్లపల్లి. వీణలు చేసేవాళ్ళ ఊరు. పనస కర్ర దుంగలోంచి వీణ మొత్తం ఒకే ముక్కగా తొలిచేవాళ్ళకి నా గోరంత పెచ్చు ఒక లెక్కా అని వెళ్ళాను. ఒక పెద్దాయన అరుగు మీద కూర్చుని వీణ కుండ తొలుస్తున్నారు. మడమ చూపిస్తే మొదట దాన్ని చెవి దగ్గర పెట్టుకుని వేలితో తట్టారు. పనస అయితే ఏమని పలికేదో గాని, దీన్ని తట్టి "ఇది పాడదు" అని నవ్వారు.

అసలు పని పది నిమిషాలే. విరిగిన చోటు గరుకుగా ఉంచకుండా ఉలితో ఏటవాలుగా తిన్న చేశారు. నేను తీసుకెళ్ళిన కోత ముక్కలోంచే, అదే ఈన (కర్ర పీచు గీతలు) వరుసలో ఒక సన్నటి పలుచ తీసి అతికి, దారంతో కట్టారు. "ఈన దారి తప్పితే ఎంత రంగేసినా కనబడిపోద్ది బావూ" అన్నారు. మూడ్రోజులు దారం విప్పొద్దన్నారు. డబ్బు తీసుకోలేదు. మిగిలిన కోత ముక్క మాత్రం అడిగి ఉంచుకున్నారు, వీణకి ఎక్కడో చిన్న అలంకారానికి పనికొస్తుందట. తాతగారి తుపాకి కర్ర ఏ ఇంట్లో సరిగమల పక్కన కూర్చోబోతోందో!

ఆగస్టు 25

రబ్బరు ప్యాడ్ వచ్చింది. ఇవి మడమ కంటే పెద్దవిగానే వస్తాయి, మడమకి తగ్గట్టు అరగదీసుకోవాలి. ముందు పాత స్క్రూ కంతల్లో కర్ర పుల్లలు జిగురుతో దించి, ఆరాక కోసి చదును చేశాను. చదును అంటే, అద్దం ముక్క మీద ఇసుక కాగితం పరిచి దాని మీద మడమ చివరను ఎనిమిది అంకె ఆకారంలో తిప్పుతూ రుద్దడం. వెలుతురుకి పట్టి చూస్తే ప్యాడ్‌కీ కర్రకీ మధ్య గీత కూడా కనబడకూడదు.

ప్యాడ్ బిగించి, చుట్టూ గీత గీసి, మళ్ళీ విప్పి, గీతకి వెంట్రుక బయట వరకు అరగదీసి, మళ్ళీ బిగించి... ఈ పని రాయడానికే విసుగ్గా ఉంది, చేయడం ఎలా ఉంటుందో ఊహించుకోండి. రబ్బరు ధూళి ముక్కులో మూడు రోజులుంది. మాస్కు పెట్టుకోండి.

సెప్టెంబరు 10

చవితి వెళ్ళగానే వాయుగుండం. ఎడతెరిపి లేని వాన. వరండాలోకి జల్లు కొడుతోంది కాబట్టి కర్ర పని మధ్య గదిలోకి మారింది.

ఈ పది రోజులూ మురికి తీయడమే. యంత్రం కూర్చునే చోట కర్ర నల్లగా, మెత్తగా ఉంది. ముగ్గురు మనుషులు అరవై ఏళ్ళు యంత్రానికి పోసిన నూనె అంతా అక్కడికే దిగింది. నూనె తాగిన కర్ర మెత్తబడి, పేలిన ప్రతిసారీ నలుగుతుంది. సుద్దపొడి అసిటోన్‌తో చిక్కగా కలిపి అక్కడ మెత్తాలి. ఆరేకొద్దీ తెల్ల సుద్ద గోధుమరంగుకి తిరుగుతుంది, నూనె పైకి పీలుస్తోందన్నమాట. బ్రష్‌తో దులిపి మళ్ళీ మెత్తాలి. నాలుగు సార్లకి సుద్ద తెల్లగానే మిగిలింది. కిటికీలన్నీ తెరిచి, వంటింటి గ్యాస్ కట్టేశాకే చేశాను. అసిటోన్ ఆవిరి నిప్పుకి ఎంత దూరం పాకుతుందో చెప్పలేం.

తర్వాత సొట్టలు. తడి నూలుగుడ్డ సొట్ట మీద వేసి ఇస్త్రీపెట్టె మొన ఆనిస్తే, ఆవిరి లోపలికి పోయి నలిగిన పీచు ఉబ్బి పైకి వస్తుంది. చుయ్‌మంటుంది, గుడ్డ తీస్తే సొట్ట సగమైపోయి ఉంటుంది. పదకొండు సొట్టల్లో తొమ్మిది ఇలా పోయాయి. మిగిలిన రెండూ రాలేదు, ఎందుకంటే అక్కడ పీచు నలగలేదు, తెగిపోయింది. చేత్తో పట్టుకునే పట్టు దగ్గర ఉన్న ఒకటి, నాన్న చిన్నప్పుడు అటక మీంచి జారవిడిచిన దెబ్బట. దాన్ని ఉండనిచ్చాను.

పట్టు మీద సన్న గళ్ళ చెక్కుడు ఉంది, జారకుండా. కొత్తగా చెక్కే ధైర్యం నాకు లేదు. పళ్ళ బ్రష్‌తో మురికి మాత్రం తీశాను.

సెప్టెంబరు 21

షాపుకి వెళ్ళి గొట్టాల పని చూశాను. నేను ఈ ప్రాజెక్టులో నేర్చుకున్నదాంట్లో ఇదే గొప్పది.

తుపాకులకు నల్లరంగు పెట్టే వేడి రసాయనాల తొట్టి ఒకటుంటుంది. ఒక్క గొట్టం తుపాకులకు త్వరగా అయిపోతుంది. జంట గొట్టాలకు అది పనికిరాదు. ఆ తొట్టిలోని క్షారం రిబ్ కింది సీసం టంకాన్ని తినేస్తుంది, పట్టీలు ఊడిపోతాయి. వీటికి పాత పద్ధతే, తుప్పుతోనే నలుపు తేవడం.

మేస్త్రీగారు ముందు పాత తుప్పు, పాత నలుపు మొత్తం తీసేశారు. గొట్టాలకు అడ్డంగా కాకుండా పొడవునా మాత్రమే రుద్దారు, ముద్రల జోలికి పోకుండా. గొట్టాల రెండు వైపులా కర్ర బిరడాలు బిగించారు. అవే పట్టుకోవడానికి పిడులు కూడా. తడి సున్నంతో తోమి కడిగాక వేలి ముద్ర కూడా పడనివ్వలేదు. జిడ్డున్న చోట తుప్పు పట్టదు. ఆ తర్వాత ఆమ్లం కలిపిన ద్రావణం దాదాపు ఆరిన గుడ్డతో ఒక్కసారి పూసి, రాత్రంతా తడి గాలికి వదిలేశారు.

తెల్లారేసరికి గొట్టాలు నారింజ రంగు మఖ్మల్ కప్పుకున్నట్టున్నాయి. చూడగానే గుండె జారిపోతుంది, ఇంత పాడుచేశాడేమిట్రా అని! దాన్ని పొడవాటి రేకు తొట్టిలో మరిగే వాన నీళ్ళలో పావుగంట ఉడికించారు. నీళ్ళలోంచి తీసేటప్పటికి నారింజ పోయి మసి నలుపు. ఎర్ర తుప్పు మరిగే నీళ్ళలో నల్ల ఐరన్ ఆక్సైడ్‌గా మారుతుంది. నీళ్ళు నూరు డిగ్రీలు దాటవు కాబట్టి టంకానికి భయం లేదు. ఆరాక మెత్తటి ఉక్కు పీచుతో దులిపితే పై మసి రాలి, కింద పల్చటి బూడిదరంగు మిగులుతుంది. అంతే, ఒక వరస అయింది. ఇలా ఎనిమిది. ఒక్కో వరసకీ రంగు ఒక్క మెట్టు దిగుతుంది. నేను చూసినప్పుడు ఐదోది, వర్షానికి ముందు తాటి మాను రంగు.

"మన వూరి గాలి ఈ పనికి వరం బాబూ. ఎండ దేశాల్లో అయితే తడి పెట్టె కట్టుకోవాలి" అన్నారాయన. స్టేషన్‌లో మూడు నెలల్లో తుప్పు పట్టించిన గాలే ఇది. అక్కడ ఎవరూ ఉడకబెట్టలేదు, అంతే తేడా!

సెప్టెంబరు 29

కర్రకి నూనె మొదలుపెట్టాను. ఇసుక కాగితం 180తో మొదలై 400 దాకా. ప్రతిసారీ తడిగుడ్డతో తుడిచి లేచిన నూగు ఆరాక మళ్ళీ రుద్దడం. తర్వాత పెయింట్ షాపులో దొరికే ఉడికించిన లిన్‌సీడ్ ఆయిల్, మన అవిసె నూనె. నాలుగు చుక్కలు అరచేతిలో వేసుకుని, కర్ర వెచ్చబడేదాకా చేత్తో రుద్దాలి. పావుగంట ఆగి, మిగిలింది పొడిగుడ్డతో మొత్తం తుడిచేయాలి. తుడవకపోతే బంక. రోజుకొకసారి వారం, వారానికొకసారి నెల, నెలకొకసారి ఏడాది అని దీనికో పాత లెక్క ఉంది. ఆ లెక్క రాసినవాడు మన కోస్తాకి రాలేదు. ఇక్కడ ఒక్క పూత ఆరడానికి మూడ్రోజులు. గొట్టాలకు వరమైన గాలి కర్రకి శాపం.

నిన్న జరిగింది మాత్రం అందరూ చదవాలి. తుడిచిన పాత బనియన్ గుడ్డని ఉండచుట్టి ప్లాస్టిక్ బకెట్‌లో పడేసి భోజనానికి వెళ్ళాను. రెండు గంటలకి అమ్మ "ఏటో మాడుతోందిరా" అంది. వంటింట్లో ఏమీ లేదు. బకెట్ దగ్గరికి వెళ్తే మాడిన అన్నం లాంటి ఘాటు వాసన. గుడ్డ విప్పితే బయట మామూలుగానే ఉంది. మధ్యలో చెయ్యి పెట్టలేనంత వేడి, గోధుమరంగుకి తిరిగి సన్నగా పొగ. అగ్గిపుల్ల లేదు, ఎండ కూడా లేదు. అవిసె నూనె ఆరడమంటే గాలిలో ఆక్సిజన్‌తో కలవడమే, కలిసేటప్పుడు వేడి పుడుతుంది. పరిచిన గుడ్డకయితే ఆ వేడి గాలికి పోతుంది. ఉండ చుడితే లోపలే పేరుకుని అంటుకుంటుంది. బకెట్ నిండా నీళ్ళు పోశాను. ఇప్పుడు ప్రతి గుడ్డా నీళ్ళలో తడిపి, దండెం మీద విడివిడిగా ఆరేసి, ఆరాకే చెత్తలోకి. బకెట్ పక్కనే అబ్బాయి పాత పుస్తకాలు కట్టలు కట్టి ఉన్నాయి. రాత్రి నిద్ర సరిగా పట్టలేదు.

అక్టోబరు 12

విజయదశమి. తాతగారి రోజుల నుంచి ఆయుధ పూజలో తుపాకి ఉండాల్సిందే. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చి వేట మానేశాక కూడా పూజ మానలేదు. దసరాకి పూర్తి చేస్తానని అమ్మకి మాటిచ్చాను. ఇనుము విశాఖలో ఉంది, కర్ర నాలుగో పూత తడిలో ఉంది. "కర్రయినా పెట్టరా, అదీ ఆయనదే కదా" అంది. పీట మీద బండి తాళాలు, కత్తిపీట, అబ్బాయి ల్యాప్‌టాప్, వాటి పక్కన ఒంటరి మడమ.

అమ్మ పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టేదాకా నాకు తట్టలేదు. పట్టుకి కొంచెం వెనక, బొటనవేలు ఆనే చోట. సాయంత్రం తుడవబోతే రాలేదు. తడి పూతలోకి దిగి గట్టిపడిపోయింది. ఇసుక కాగితంతో తీసేయొచ్చు, కాగితం చేతిలోకి తీసుకున్నాను కూడా. అమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది. దాని మీదే ఐదో పూత వేశాను.

అక్టోబరు 20

పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవం పదిహేనున. ఆ వారం విజయనగరంలో ఏ పనీ జరగదు, జరగాలని ఎవరూ అనుకోరు. ఇంటినిండా చుట్టాలు. మడమ బీరువా పైకి ఎక్కింది. చిన్నాన్న అడిగి మరీ దించి చూశారు, "ముందు కోయమంటే వెనక కోశాడు వీడు" అని అందరికీ చెప్పారు. నలుగురు అల్లుళ్ళు తలో ఒకసారి భుజానికి పెట్టుకున్నారు. పొడుగాటివాళ్ళకి ఎవరికీ సరిపోలేదు.

నవంబరు 9

మళ్ళీ రెండో శనివారం, మళ్ళీ విశాఖ. ఎనిమిది పూతలైన మడమ దుప్పట్లో. మేస్త్రీగారు యంత్రం చెంపలకు దీపం మసి పూసి కర్రలో దించి తీశారు. మసి ఎక్కడ అంటిందో అక్కడ కర్ర ఎత్తుగా ఉన్నట్టు. నేను సుద్ద పట్టించిన చోట కర్ర కొద్దిగా కుంచించుకుపోయిందట. రెండు చోట్ల ఉలి మొనతో గీరి, ఒక చోట అక్రోటు పలుచ అతికి సరిచేశారు. స్క్రూ గాట్లన్నీ గొట్టాల వరసకే నిలిచేలా బిగించారు. ఇదెందుకని అడిగితే నా వైపు విచిత్రంగా చూశారు.

గొట్టాలు! నలుపు అనడానికి లేదు, కాకి రెక్క ఎండలో కొట్టే నీలం. ముద్రలన్నీ చదవడానికి వీలుగా ఉన్నాయి. పొడవు టేపు పెట్టి కొలిచి రిజిస్టర్‌లో రాశారు: 30 అంగుళాలు, వచ్చినప్పుడు ఎంతో అంతే.

బరువు లెక్క: పోయింది 108 గ్రాముల కర్ర, పాత పలక ఓ 20. వచ్చింది 94 గ్రాముల ప్యాడ్. వెనక వైపు 34 గ్రాములు తగ్గింది కాబట్టి మూతి కొద్దిగా బరువనిపిస్తుంది. ప్యాడ్ విప్పి లోపల కంత చేసి సీసం ముక్క దించుకోవచ్చని మేస్త్రీగారు చెప్పారు. ఏడాది వాడి చూసి అప్పుడు ఆలోచిస్తాను.

షాపు వెనక గోడకి ఎదురుగా, ఖాళీ తుపాకితో, కళ్ళు మూసుకుని భుజానికెత్తాను. ప్యాడ్ చొక్కాకి తగల్లేదు. కళ్ళు తెరిస్తే రిబ్ తిన్నగా, చివర చిన్న ఇత్తడి పూస కంటికెదురుగా ఉంది. మెడ సాచలేదు. ముక్కుకీ వేలికీ మధ్య రెండు వేళ్ళు.

నవంబరు 16

పొలం. వరి కోతకొచ్చింది, పందులు రెండు రాత్రులుగా గట్టు తవ్వుతున్నాయి. వాటిని కొట్టాలన్నా అటవీశాఖ అనుమతి ఉండాలి, నాకు లేదు, అక్కర్లేదు కూడా. చిన్నాన్న నూనె డబ్బా, కర్ర పట్టుకుని ఒక గట్టు మీద. నేను తుపాకి విరిచి మోచేతి మీద వేసుకుని ఇంకో గట్టు మీద. ఒంటిగంటకి చప్పుడైంది. చిన్నాన్న డబ్బా వాయించారు, నేను టార్చి కొట్టాను, ఐదారు నల్లటి వీపులు తోటలోకి దూకాయి. తూటాలు జేబులోనే ఉన్నాయి.

మంచు బాగా పడింది. ఇంటికి రాగానే గొట్టాలు తుడిచి, నూనె రాసి, నాన్న పంచె చుట్టాను. కాన్వాస్ కవరు మా ఆవిడ ఎండుమిరపకాయలకి అడిగింది, ఇచ్చేశాను.